అద్దాల గదిలో ఏ వేళకు ఏ పని

ఇంటికి ఆనుకుని, పైకప్పుతో సహా చాలా భాగం గాజుతో కట్టిన గదిని కన్సర్వేటరీ అంటారు. సన్‌రూమ్ అనేవారూ ఉన్నారు. ఈ వ్యాసంలో దాన్ని అద్దాల గది అందాం. కట్టించుకునేటప్పుడు ఇంటిల్లిపాదికీ దాని మీద ఎన్నో ఆశలుంటాయి. పొద్దున్నే అక్కడ కూర్చుని చదువుకోవచ్చు, మొక్కలు పెంచుకోవచ్చు, ఇంటికి వచ్చినవాళ్లతో ఆకాశం కింద కూర్చున్నట్టు మాట్లాడుకోవచ్చు అనుకుంటారు. రెండేళ్లు తిరిగేసరికి చాలా ఇళ్లలో ఆ గదిలో మడతమంచం, గాలిపోయిన సైకిలు, విప్పని అట్టపెట్టెలు కనిపిస్తాయి. ఎందుకిలా అయిందని అడిగితే దాదాపు అందరి జవాబూ ఒక్కటే: ఎండాకాలంలో కాలిపోతుంది, చలికాలంలో వణికిస్తుంది.

ఆ ఫిర్యాదులో అబద్ధమేమీ లేదు. అయితే దానికి సాధారణంగా వెతికే విరుగుడు మాత్రం సరైనది కాదని నా అభిప్రాయం. ఒక హీటరూ ఒక ఏసీ తగిలించి, ఆ గదిని ఏడాది పొడవునా ఒకే ఉష్ణోగ్రతలో ఉంచి, ముందుగదిలాగో పడకగదిలాగో వాడుకోవాలని చూస్తారు. కరెంటు బిల్లు పెరుగుతుంది, గది మాత్రం దారికి రాదు. ఎందుకంటే అద్దాల గది ఇంట్లోని మిగతా గదుల్లాంటిది కాదు. అది అద్దాలు బిగించిన వసారా. వసారాలో ఎవరూ పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకేచోట కూర్చోరు. ఎండ ముఖాన పడితే కుర్చీ జరుపుకుంటారు, జల్లు కొడితే లోపలికి వస్తారు, చల్లబడ్డాక మళ్లీ బయటికి వెళతారు. ఏ వేళకు ఏ పని అన్న లెక్క కుదిరితే అద్దాల గది రోజూ పనికొస్తుంది. ఆ లెక్క కుదరాలంటే ముందు ఆ గది ఎందుకు అంత త్వరగా వేడెక్కుతుందో, ఎందుకు అంత త్వరగా చల్లారిపోతుందో తెలియాలి.

వేడి ఎలా వస్తుంది, ఎలా పోతుంది

గాజు ఎండను లోపలికి రానిస్తుంది, వేడిని బయటికి పోనివ్వదు అని బడిలో చదువుకున్నాం. కంటికి కనిపించే వెలుగూ, దానికి దగ్గరి పరారుణ కిరణాలూ గాజులోంచి సులువుగా దూసుకువస్తాయి. వాటితో వేడెక్కిన నేల, కుర్చీలు, గోడలు వెలువరించే దీర్ఘతరంగ పరారుణ కిరణాలను గాజు ఆపేస్తుంది. ఇది నిజమే కానీ సగం నిజం. 1909లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ రెండు పెట్టెలు తీసుకుని ఒకదానికి గాజు మూత, మరొకదానికి పరారుణ కిరణాలను అడ్డుకోని రాతి ఉప్పు మూత పెట్టి ఎండలో ఉంచాడు. రెండింటిలోనూ వేడి దాదాపు సమానంగా పెరిగింది. అంటే ఇలాంటి గది వేడెక్కడానికి అసలు కారణం గాజుకున్న ప్రత్యేక గుణం కన్నా, వేడెక్కిన గాలి పైకి లేచి బయటికి పోయే దారి లేకపోవడమే. ఈ సంగతి మనకు చాలా అవసరం. ఏసీ గురించి ఆలోచించే ముందు పైకప్పులో తెరుచుకునే కిటికీ ఉందో లేదో చూడాలన్నది దీని నుంచి వచ్చే మొదటి పాఠం.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, సగటున రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 30 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. దాని బరువు సుమారు 36 కిలోలు. మబ్బులేని రోజున సూర్యుడికి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీద దాదాపు ఒక కిలోవాటు శక్తి పడుతుంది. కిరణాల వాలు, గాజు వెనక్కి కొట్టేసే భాగం తీసేసి, ఆ గదిలోకి ఐదు కిలోవాట్లు మాత్రమే వచ్చాయనుకుందాం. రెండు కిలోవాట్ల హీటర్లు రెండున్నర వెలిగించినట్టు. ఆ శక్తి మొత్తం గాలికే చేరితే, ప్రతి ఏడు సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున వేడి పెరగాలి. నిజంలో అంత వేగంగా పెరగదు, ఎందుకంటే నేల, గోడలు, సామాను చాలా వేడిని తాగేస్తాయి, కొంత గాజులోంచి బయటికి పోతుంది. కానీ తలుపులన్నీ మూసి బజారుకు వెళ్లి గంటలో తిరిగివస్తే గది కొలిమిలా ఎందుకుంటుందో ఈ లెక్క చెబుతుంది.

వెనక్కి పోయే దారి లెక్క కూడా అంతే కఠినమైనది. ఆ గదికి 25 చదరపు మీటర్ల గాజు ఉందనీ, లోపలికీ బయటికీ 15 డిగ్రీల తేడా ఉందనీ అనుకుంటే, ఒంటి పొర అద్దంలోంచి రెండు కిలోవాట్లకు పైగా వేడి నిరంతరం బయటికి జారిపోతుంది. వేడిని వెనక్కి తిప్పే పూత పూసి, మధ్యలో ఆర్గాన్ వాయువు నింపిన మంచి రెండు పొరల అద్దమైతే ఆ నష్టం అర కిలోవాటుకు తగ్గుతుంది. అదే విస్తీర్ణంలో బాగా కట్టిన, ఉష్ణనిరోధక పొర ఉన్న గోడైతే వంద వాట్లకు మించదు. ఎంత ఖరీదైన అద్దం వేసినా అది గోడకు ఐదారు రెట్లు వేడిని పోగొడుతుంది. మబ్బులేని రాత్రుల్లో పైకప్పు అద్దం తన వేడిని నేరుగా ఆకాశంలోకి వెలువరిస్తుంది కాబట్టి, ఒక్కోసారి దాని ఉష్ణోగ్రత బయటి గాలి కన్నా కిందికి పడిపోతుంది. తెల్లవారుజామున ఆ అద్దం లోపలి వైపు నీటి చుక్కలు వరుసగా వేలాడడం అందుకే.

కప్పు మీద పడే ఎండ, గోడ మీద పడే ఎండ

అద్దాల గదుల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా అద్దం నాణ్యత గురించే మాట్లాడతారు. నాకు మాత్రం గాజు ఎక్కడ ఉంది, ఏ దిక్కుకు చూస్తోంది అన్నదే అంతకన్నా పెద్ద విషయమనిపిస్తుంది.

ఉత్తరార్ధగోళంలో 50 డిగ్రీల అక్షాంశం దగ్గర, వేసవిలో అతి పొడుగైన రోజున మధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి 63 డిగ్రీలకు పైగా ఎత్తులో ఉంటాడు. చలికాలంలో అతి చిన్న రోజున 16 డిగ్రీలకు పైచిలుకు మాత్రమే లేస్తాడు. నేరుగా వచ్చే కిరణాలను నూరు పాళ్లనుకుంటే, ఆ వేసవి మధ్యాహ్నం చదునైన కప్పు మీద సుమారు 90 పాళ్లు పడతాయి, దక్షిణం వైపు నిట్టనిలువు అద్దం మీద 45 పాళ్లే పడతాయి. చలికాలపు మధ్యాహ్నం ఇది తిరగబడుతుంది: కప్పుకు 28 పాళ్లు, నిలువు అద్దానికి 96 పాళ్లు. అంటే దక్షిణం వైపు నిలువు అద్దం చలికాలంలో కావలసినంత ఎండనిచ్చి, వేసవిలో తనంతట తానే సగం తగ్గించుకుంటుంది. గాజు కప్పు సరిగ్గా దీనికి విరుద్ధంగా నడుస్తుంది. వద్దన్న రోజుల్లో పోస్తుంది, కావాలన్న రోజుల్లో పిసినారితనం చూపిస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరగా వచ్చేకొద్దీ కప్పు సమస్య ఇంకా ముదురుతుంది. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర చలికాలంలో కూడా మధ్యాహ్న సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు, వేసవిలో నడినెత్తికి వస్తాడు. అటువంటి చోట పూర్తి గాజు కప్పు వేయడం కన్నా, మామూలు కప్పు కింద మూడు వైపులా అద్దాలు పెట్టుకోవడమే మేలు.

పాతకాలపు కట్టడాలకు ఈ సంగతి తెలుసు. కన్సర్వేటరీకి పూర్వరూపం ఆరెంజరీ. నారింజ చెట్లను చలి నుంచి కాపాడడానికి ఐరోపా రాజులు, జమీందారులు కట్టించుకున్న పొడవాటి హాలు అది. ఫ్రెంచి వాస్తుశిల్పి జూల్ ఆర్దువాఁ-మాంసార్ 1684, 1686 మధ్య ఫ్రాన్స్ రాజభవనం వెర్సాయ్‌లో కట్టిన ఆరెంజరీలో నడిమి హాలు 150 మీటర్లకు పైగా ఉంటుంది. దానికి గాజు కప్పు లేదు. మందపాటి రాతి గోడలు, రాతి కమాను కప్పు, దక్షిణానికి తెరుచుకున్న ఎత్తైన కిటికీలు, వెనక నేలలోకి ఒదిగిన కట్టడం. తొట్లలోని నారింజ చెట్లు చలికాలమంతా అక్కడ ఉంటాయి, మే నెలలో తోటలోకి వెళతాయి, అక్టోబరులో తిరిగి వస్తాయి. ఇన్ని శతాబ్దాలుగా ఆ కట్టడం పని చేయడానికి కారణం, అది ఏడాదంతా ఒకేలా ఉండాలని ఎవరూ ఆశించకపోవడం. బ్రిటన్‌లో గాజు మీద 1746 నుంచి ఉన్న పన్నును 1845లో ఎత్తివేశాక గాజు వాడకం బాగా పెరిగింది. ఇనుప చట్రంలో పైనుంచి కింది దాకా గాజుతో కట్టిన గదులు మధ్యతరగతి ఇళ్లలోకి కూడా వచ్చాయి. ఈనాటి మన అద్దాల గదికి రూపం అక్కడి నుంచే వచ్చింది. చెట్లకోసం పుట్టిన ఆ రూపంలోకి తర్వాత మనం సోఫా తెచ్చి వేసుకున్నాం. ఇబ్బంది సగం అక్కడే మొదలైంది.

దిక్కుల మాటకొస్తే, తూర్పు వైపు గది ఉదయపు గది. ఎనిమిది, తొమ్మిది గంటలకే వెచ్చగా, వెలుతురుగా ఉండి, మధ్యాహ్నానికి నీడలోకి వెళుతుంది. పడమటి గది చాలామందిని మోసం చేస్తుంది; ఉదయం చూసినప్పుడు హాయిగా ఉంటుంది, కానీ బయటి గాలి అప్పటికే బాగా వేడెక్కిన సాయంత్రం వేళ, వాలుగా వచ్చే ఎండ నిలువు అద్దాల్లోంచి నేరుగా లోపలికి దూరుతుంది. దాన్ని కప్పు ముందుకు పొడిగించి ఆపలేం, అడ్డంగా తెరే కావాలి. ఉత్తరపు గదికి ఎండ దాదాపు రాదు, కానీ రోజంతా మారని, నీడలు పడని వెలుతురు వస్తుంది. బొమ్మలు వేసేవాళ్లు, కుట్టుపని చేసేవాళ్లు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు వెతుక్కునే వెలుతురు అదే. దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లు ఉత్తర దక్షిణాలను తారుమారు చేసుకోవాలి.

మధ్య తలుపు

అద్దాల గదికీ ఇంటికీ మధ్య ఉన్న తలుపును తీసేయించి, రెండూ కలిపి ఒకే విశాలమైన గది చేసుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. ఫోటోల్లో అది బాగుంటుంది. నన్నడిగితే ఆ గది విషయంలో చేయగల అతి పెద్ద పొరపాటు అదే. తలుపు ఉన్నంతకాలం అద్దాల గది చలికాలంలో ఇంటికి కప్పిన దుప్పటిలాంటిది. వేడి పెట్టకపోయినా బయటి చలిగాలికీ ఇంటి గోడకూ మధ్య నిలబడి, ఇల్లు పోగొట్టుకునే వేడిని తగ్గిస్తుంది. తలుపు పోయిన క్షణం నుంచి ఇల్లు మొత్తం ఆ పల్చటి గాజులోంచి వేడిని పోగొట్టుకుంటుంది, వేసవిలో అక్కడి ఉడుకు పడకగదుల దాకా పాకుతుంది. ఇంగ్లండ్ భవన నిబంధనలు 30 చదరపు మీటర్ల లోపు కన్సర్వేటరీలకు చాలా మినహాయింపులిస్తూనే, ఇంటికీ దానికీ మధ్య బయటి తలుపుతో సమానమైన గట్టి తలుపు ఉండాలనీ, దానికి వేడి పెడితే ఆ ఏర్పాటును ఇంటి ఏర్పాటుతో సంబంధం లేకుండా విడిగా ఆపుకునేలా ఉండాలనీ షరతు పెట్టడం ఈ లెక్క తెలిసే.

తలుపును వాడే తీరు చాలా సులువు. అటొక ఉష్ణమాపకం, ఇటొక ఉష్ణమాపకం వేలాడదీయండి. ఎండ నేరుగా తగలని చోట, కూర్చున్న మనిషి తల ఎత్తున ఉండాలి. ఎండ తగిలే ఉష్ణమాపకం గాలి ఉష్ణోగ్రత చెప్పదు, తన ఉష్ణోగ్రత చెబుతుంది. చలికాలంలో పదకొండు గంటలకు అద్దాల గది ఇంటికన్నా మూడు నాలుగు డిగ్రీలు వెచ్చగా కనిపిస్తే తలుపు బార్లా తెరవాలి. ఆ వేడి ఉచితంగా ఇంట్లోకి వస్తుంది. మూడున్నర, నాలుగు గంటలకు రెండు ఉష్ణమాపకాలూ ఒకటి కాగానే మూసేయాలి. ఆ తర్వాత కాసేపటికే గాజు చల్లబడి, వేడి ప్రవాహం దిశ మారుతుంది. వేసవిలో ఇదే పద్ధతి తిరగేసి నడుస్తుంది: పగలు మూసి ఉంచాలి, రాత్రి ఇంటికన్నా అద్దాల గది చల్లబడ్డాక తెరవాలి. ఇంతకు మించి యంత్రమేదీ అవసరం లేదు, మనిషి గమనం తప్ప.

నీడ ఎక్కడ వేయాలి, గాలి ఎక్కడి నుంచి పోవాలి

ఎండను ఆపే తెర లోపల కట్టాలా, బయట కట్టాలా అన్న ప్రశ్నకు సందేహం లేని జవాబు ఉంది. బయటే. లోపలి తెర మీద పడిన ఎండ అప్పటికే గాజు దాటి వచ్చేసింది. తెర దాన్ని తాగి వేడెక్కి, ఆ వేడిని గదిలోకే వదులుతుంది. తెల్లగా, వెండి పూతతో ఉన్న లోపలి తెర కొంత వెలుగును వచ్చిన దారినే పంపిస్తుంది కాబట్టి ముదురు రంగు గుడ్డకన్నా నయం. బయట కట్టిన తెర, చెక్క పట్టీల జాలీ, పందిరి మీద పాకే తీగ అయితే ఎండ గాజును తాకకముందే ఆగిపోతుంది. ఆకు రాల్చే తీగకు మరో సుగుణం ఉంది. వేసవికి దట్టంగా కమ్ముకుని, చలికాలానికి ఆకులు రాల్చి ఎండకు దారి ఇస్తుంది. దాని ఆకులు కప్పు అంచున వాన నీరు పోయే కాలువలో పేరుకుపోకుండా చూసుకోవడమే దానికి మనం చెల్లించే వెల.

గాలి సంగతి ఇంతకు ముందే కొంత చెప్పుకున్నాం. వేడి గాలి తేలికై పైకి లేస్తుంది కనుక, కప్పు శిఖరం దగ్గర ఒక దారి, నేలకు దగ్గరగా మరొక దారి ఉండాలి. ఒక్క పక్క కిటికీలు ఎన్ని తెరిచినా పైన చేరిన వేడి అక్కడే నిలిచిపోతుంది. గాజు ఇళ్లలో మొక్కలు పెంచేవాళ్లు కప్పులో తెరుచుకునే కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఐదో వంతు ఉండాలని చెబుతారు. ఇళ్లకు ఆనుకున్న అద్దాల గదుల్లో అందులో సగం ఉండటం కూడా అరుదు. కప్పు కిటికీ తెరవడానికి మైనం నింపిన చిన్న గొట్టం దొరుకుతుంది. వేడికి మైనం వ్యాకోచించి ఒక కడ్డీని నెడుతుంది, కిటికీ లేస్తుంది. చల్లబడితే కుంచించుకుని మూసుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, ఇంట్లో ఎవరూ లేకపోయినా పని చేస్తుంది. ఇంత చిన్న వస్తువు ఇంత పని చేయడం చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. వాన పడుతుంటే మూసుకోవాలన్న తెలివి మాత్రం దానికి ఉండదు, ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక నేల. పది సెంటీమీటర్ల మందంతో కాంక్రీటు పోసి పైన రాయో పలకలో పరిచిన 12 చదరపు మీటర్ల నేల, ఒక డిగ్రీ వేడెక్కడానికి ఆ గదిలోని గాలి మొత్తానికి కావలసిన దానికన్నా సుమారు 65 రెట్లు వేడిని తీసుకుంటుంది. పగలు ఎండను తాగి గదిని మరీ మండనివ్వకుండా ఆపేదీ, పొద్దుగూకాక నెమ్మదిగా తిరిగి ఇచ్చేదీ అదే. సాయంత్రం ఏడు గంటలకు చెప్పుల్లేకుండా నడిచి చూస్తే, ఎండ పడిన మేర గోరువెచ్చగా, కుర్చీ నీడ పడిన చోట చల్లగా తెలుస్తుంది. హాయిగా ఉంటుందని ఆ నేల మీద గోడ నుంచి గోడకు తివాచీ పరిస్తే, ఆ మేలు పోయినట్టే. ఎండ తివాచీ మీదే ఆగి గాలిని వేడెక్కిస్తుంది, నేల దాకా చేరదు. కూర్చునే చోట మాత్రం ఒక చిన్న చాప వేసుకుంటే చాలు. కాంక్రీటు కింద, నేలకు ఆనే చోట ఉష్ణనిరోధక పొర ఉండాలి, లేకపోతే దాచిన వేడి భూమిలోకి పోతుంది.

పని, వేళ

పైన చెప్పినవన్నీ అమరితే గది మెత్తబడుతుంది గానీ ఇంట్లోని గదిలా మారిపోదు. అందుకే పనులను గదికి తగ్గట్టు అమర్చుకోవాలి. ఒక వారం పాటు పొద్దున ఏడింటికి, పదింటికి, ఒంటిగంటకు, నాలుగింటికి, రాత్రి తొమ్మిదింటికి ఉష్ణోగ్రత రాసిపెట్టుకుని, 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉన్న గంటలకు గుర్తు పెట్టండి. ప్రతి రుతువులోనూ ఒక వారం ఇలా చేస్తే, గది ఏ గంటల్లో మనకు అనుకూలమో కళ్ల ముందు కనిపిస్తుంది. పనికిరాదని తోసేసిన గది, రోజుకు నాలుగైదు గంటలు చక్కగా ఉంటోందని ఆ కాగితం చూశాకే చాలామందికి తెలుస్తుంది.

ఉదయపు గంటలు అన్నిటికన్నా విలువైనవి. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు; మామూలు గదిలో దీపం వెలుతురు కొన్ని వందల లక్స్‌కు మించదు. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట కొన్ని వేల లక్స్ ఉంటుంది, గాజు పక్కన కూర్చుంటే అందులో పెద్ద భాగం మనకు అందుతుంది. పొద్దుటి వెలుతురు శరీరంలోని గడియారాన్ని సరిచేస్తుందనీ, రాత్రి నిద్రకు అది మేలనీ వైద్యులు చెబుతారు. కదలలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఉదయం ఒక గంట వాళ్ల కుర్చీ అక్కడ వేయడం కన్నా ఆ గదికి మంచి ఉపయోగం నాకు తోచదు. కాకపోతే, అక్కడ కూర్చుంటే విటమిన్ డి తయారవుతుందనుకోవడం పొరపాటు. దానికి కావలసిన అతినీలలోహిత కిరణాల భాగాన్ని మామూలు గాజు దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పొడవు తరంగాల అతినీలలోహిత కిరణాలు మాత్రం లోపలికి వస్తాయి. బట్టలు వెలిసిపోయేది ఎక్కువగా వాటితోనూ, కంటికి కనిపించే వెలుగుతోనూ. రెండు వేసవులు అద్దం పక్కన ఉన్న కుర్చీ మీది దిండు ఎత్తి చూడండి: దిండు కింద గుడ్డ కొన్ననాటి ముదురు ఎరుపులోనే ఉంటుంది, చుట్టూ మాత్రం కడిగిన ఇటుక రంగు వచ్చేస్తుంది. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికించిన లామినేటెడ్ అద్దం ఈ కిరణాలను చాలావరకు ఆపుతుంది. కప్పుకు ఎలాగూ ఆ అద్దమే మంచిది, పగిలినా ముక్కలు నెత్తిన పడకుండా ఆ పొర పట్టి ఉంచుతుంది.

ఆఫీసు పని చేసుకునేవాళ్లు బల్లను అద్దానికి ఎదురుగానో, అద్దం వీపు వెనక ఉండేలానో వేయకూడదు. మొదటిదానిలో వెలుతురు కళ్లలో కొడుతుంది, రెండోదానిలో కంప్యూటర్ తెర మీద ప్రతిఫలిస్తుంది. అద్దం పక్కకు ఉండేలా కూర్చుంటే రెండు బాధలూ తప్పుతాయి. పని ముగించాక ల్యాప్‌టాప్‌ను, ఫోన్‌ను అక్కడే వదిలి వెళ్లకూడదు. వాటిలో చాలావాటిని 35 డిగ్రీలకు మించని గాలిలో వాడాలనే తయారీదారులు చెబుతారు, మూసిన అద్దాల గది ఆ గీత సులువుగా దాటుతుంది. మందులు, పియానో వంటి చెక్క వాద్యాలు, ఆల్బములు, తోలు అట్టల పుస్తకాలు అసలు పెట్టకూడనివి. గుండ్రటి గాజు బంతి, నీళ్లు నింపిన గాజు కూజా, ముఖం పెద్దగా చూపే పుటాకార అద్దం ఎండను ఒక బిందువు మీదికి తెచ్చి గుడ్డనూ కాగితాన్నీ అంటించగలవు. ఈ ప్రమాదం ఎండ వాలుగా వచ్చే చలికాలంలోనూ ఉంటుంది. పసిపిల్లలను, పెంపుడు జంతువులను తలుపు మూసిన అద్దాల గదిలో ఉంచి వెళ్లకూడదన్నది వేరుగా చెప్పనక్కర్లేని మాట, అయినా చెబుతున్నాను.

మొక్కలు, తేమ

ఈ గది పుట్టిందే మొక్కల కోసం కనుక వాటికి చోటివ్వడం న్యాయం. అయితే ఇంటి లోపల నీడలో పెరిగే మొక్కలన్నిటినీ తెచ్చి ఇక్కడ పెడితే ఆకులు మాడిపోతాయి. ఫెర్న్‌ల వంటి మెత్తటి ఆకుల మొక్కలు ఉత్తరపు గదిలో, లేదా పెద్ద మొక్కల నీడలో బతుకుతాయి. కాక్టస్ జాతులు పగటి మంటనూ పొడి చలినీ తట్టుకుంటాయి. నిమ్మ, నారింజలకు చలికాలంలో వేడి గది అక్కర్లేదు, వెలుతురు బాగా ఉండి గడ్డకట్టకుండా ఉంటే చాలు. ఆ రోజుల్లో నీరు తగ్గించాలి. నారు పోసుకోవడానికి ఈ గదిని మించింది లేదు. కాకపోతే ఇక్కడి నారును ఒక్కసారిగా బయట నాటకుండా, పది రోజులపాటు పగలు బయట పెట్టి రాత్రి లోపలికి తెస్తూ గాలికి అలవాటు చేయాలి.

గాజు కింద వాన ఉండదు, పురుగులను తినే పురుగులు కూడా తక్కువ. అందుకే వేడి, పొడి గాలిలో ఎర్రనల్లి, ఆ తర్వాత తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి త్వరగా పెరుగుతాయి. వారానికొకసారి ఆకులు తిరగేసి చూడడం, అడుగుభాగాన్ని నీళ్లతో కడగడం మందులన్నిటికన్నా ముందు చేయవలసిన పని. ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో నేల మీద నీళ్లు చల్లితే ఎర్రనల్లీ తగ్గుతుంది, గదీ చల్లబడుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి తీసుకునే వేడి సుమారు మూడింట రెండు యూనిట్ల కరెంటుతో సమానం. గాలి పొడిగా ఉండి, కిటికీలు తెరిచి ఉంటేనే ఈ ఉపాయం పారుతుంది. ఉక్కపోసే రోజుల్లో నీళ్లు చల్లితే ఉక్క మరింత పెరుగుతుంది.

ఆ తేమే చలికాలంలో శత్రువవుతుంది. ఒక ఘనపు మీటరు గాలిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది, 5 డిగ్రీల దగ్గర ఏడు గ్రాములకు మించి ఇమడదు. పగలు మొక్కలు, తడి మట్టి వదిలిన ఆవిరి రాత్రి ఎక్కడికి పోవాలి? చల్లటి గాజు మీదికి, అల్యూమినియం చట్రం మీదికి పోతుంది. అక్కడి నుంచి కిటికీ అడుగున చేరి నల్లటి బూజవుతుంది. ఎండ బాగా వస్తుంది కదా అని చలికాలంలో ఇక్కడ బట్టలు ఆరేసేవాళ్లు చాలామంది. యంత్రంలో పిండిన తర్వాత కూడా ఒక వాయి బట్టల్లో దాదాపు రెండు లీటర్ల నీరు మిగిలి ఉంటుంది. పైకిటికీ తెరిచి, మధ్య తలుపు మూసి ఆరేస్తే మంచి వాడకమే. మూసిన గదిలో ఆరేస్తే ఆ రెండు లీటర్లనూ మర్నాడు గుడ్డతో తుడవాల్సి వస్తుంది. మొక్కలకు నీరు సాయంత్రం కాక ఉదయం పోయడం, మధ్యాహ్నం వెచ్చగా ఉన్నప్పుడు పది నిమిషాలు కిటికీలు తెరిచి తేమను పంపేయడం, చట్రం అడుగున నీరు పోయే సన్నటి రంధ్రాలను పుల్లతో శుభ్రం చేస్తూ ఉండడం, ఈ మూడూ చేస్తే బూజు చాలావరకు రాదు.

చీకటి పడ్డాక ఈ గదిని వాడేవాళ్లు తక్కువ. దానికి చలి ఒక్కటే కారణం కాదు. పైన పెద్ద దీపం వేయగానే చుట్టూ ఉన్న గాజు నిలువుటద్దంగా మారిపోయి, బయటి తోట మాయమై, మన ముఖాలే నాలుగు వైపుల నుంచి మనల్ని చూస్తాయి. బయటివాళ్లకు మాత్రం లోపల అంతా కనిపిస్తుంది. కప్పు దీపం ఆర్పి, మోకాలి ఎత్తున, కాంతి కిందికి పడేలా ఒక చిన్న దీపం పెట్టుకుని, వీలైతే బయట ఒక చెట్టు మొదట్లో మరొకటి వెలిగిస్తే, గాజు మళ్లీ గాజవుతుంది. వేసవిలో నేల చల్లబడి, పైకిటికీలోంచి గాలి ఆడుతున్న రాత్రి తొమ్మిది గంటల వేళ, పగలంతా ఎవరూ అడుగుపెట్టని ఆ గదిలోనే ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు.